రెండొందల కండువాలు

బేస్తవారం రాత్రి పదకొండుకి ఫోను.
రెండొందల కండువాలు కావాలంట, తెల్లారేసరికి.
రంగు చెప్పలేదు. ఆయన పేరు చెప్పినారు.
రంగు నాకే తెలిసిపోయింది.

హసావిలో నా అంగడి అద్దానికి
పైసగమంతా రేటు కాగితాలు అంటించినా.
మిషను ముందు కూర్చుంటే
వీధి నాకు మోకాళ్ళ దాకానే కనపడతాది.
పన్నెండేళ్ళుగా మనుషుల్ని
చెప్పుల్ని బట్టే గుర్తుపడతాండా.

ముందొచ్చినవి దస్తగిరి బూట్లు,
సిమెంటు గడ్డకట్టినవి.
"మా చెల్లెలి మొగుడు పదకొండు దినాలు
ఇక్కడ ఐసుపెట్టెలో పడుంటే
ఒక్క ఫోను కొట్టి ఊరికి పంపించింది ఆయనేప్పా.
దొంగో దొరో, ఆ లెక్కలు నాకొద్దు.
నాకొకటి తీసిపెట్టు, కొంచెం వెడల్పుగా."

నాగమునెయ్య లోపలికి రాలేదు.
పక్క బిల్డింగు హారిస్ ఆయన,
ఎప్పుడూ తడిసిన రబ్బరు చెప్పులు.
ఆయన మూడెకరాలు ఎట్ల పొయినాయో
మా తట్టు అందరికీ తెలుసు,
ఎవురూ పైకి అనరు.
పాసుపుస్తకంలో పేరు మారిన ఏడాదే
డ్రైవరు పనని చెబితే విమానమెక్కి
ఒంటెల దొడ్లో తేలినాడు.
"కుట్టు నాయనా, కుట్టు. కూలి కూలే.
దారం మాత్రం నాసిరకం వెయ్యి."
నవ్వినాడో లేదో తెలీదు.
నాకు కనపడింది మోకాళ్ళే.

సువార్తమ్మ సేఠు పిల్లల యూనిఫారాలు తెచ్చింది.
"మీటింగులకి మాకు సెలవెవరిత్తారండీ?
మేడమ్ గారు కార్లో కూకున్నారు, తొరగా చూడండి.
అయినా ఆయన మా జిల్లా కాదు కదా,
పొగడ్డానికీ తిట్టడానికీ నాకు తీరికేదీ?"
గడప దాకా పోయి నిలబడింది.
"బిర్యానీ పెడతారంటనా?
మా తమ్ముడు ఈ నెల జీతం లేక పస్తున్నాడు."

ఇస్త్రీ బల్ల కాడ ఇద్దరు పిల్లోళ్ళు,
ఒకే రూము, ఒకే మంచం.
పై అరలో పడుకునేవాడికి ఆయన దేవుడు.
కింది అరవాడికి జైలు నుంచి వచ్చిన కూనీకోరు.
గొంతులు లేచినాయి, పేర్లు లేచినాయి,
తాతల కాలం కొడవళ్ళు లేచినాయి.
చివరికి తెగని తగాదా ఒకటే,
ఈ రాత్రి ఎసరు ఎవరు పెట్టాలని.

నువ్వేమంటావని నన్నెవరూ అడగలేదు.
మంచిదే అయింది.
నా ఇకామా కాగితం మడతలో
నాకూ ఒక మాట ఉండాది,
అది విప్పితే చిరుగుతాది.

కుట్టినా. తెల్లవార్లూ కుట్టినా.
నాసి దారం రీలు చేతికి తీసుకున్నా కూడా.
సూది ఒప్పుకోలేదు.

శుక్రారం సాయంత్రం దుమ్ము లేసింది.
హాల్లో మాట్లాడేది అయినాక
ఫొటోలకని మా వీధికే వచ్చినాడు.
ముందు వెనక్కి నడిచే కాళ్ళు వచ్చినాయి,
ఫోన్లు ఎత్తి పట్టుకున్నోళ్ళవి,
ఒకరి మడమలు ఒకరు తొక్కుకుంటా.
వాటి వెనక తెల్లటి బూట్లు,
ఈ ఊరి మన్ను ఇంకా అంటనివి.

రబ్బరు చెప్పులు వాటికి ఎదురుగా ఆగినాయి.

నేను మిషను ఆపేసినా.
ఏసీ రొదలో ఒక్క మాటా వినపడలేదు.
తెల్ల బూట్లు ఒక అడుగు ముందుకేసినాయి,
రబ్బరు చెప్పులు వెనక్కి తగ్గలేదు.
ఎవరో చప్పట్లు కొట్టినారు.
అంతే, కాళ్ళన్నీ కదిలిపోయినాయి.

కొంతసేపటికి నాగమునెయ్య లోపలికి వచ్చినాడు,
మొదటిసారి, మొత్తం మనిషి.
మెడలో కండువా.
"ఆయనే కప్పినాడు.
'బాగుండావా పెద్దాయనా, ఏ ఊరు మనది?' అన్యాడు."
నేను టీ పోసిన గ్లాసు అట్లే పట్టుకోనుండా.
"ఊరి పేరు చెప్పినా. మంచి ఊరు అన్యాడు."

అంచు పట్టుకొని గట్టిగా లాగి చూసినాడు.
తెగలేదు.
"మంచి దారమే వేసినావే" అని
నా ముఖంలోకి చూసినాడు.
కూలి ఇంకా రాలేదని చెప్పబోయి
ఊరకుండిపోయినా.

బయట దుమ్ము పసుప్పచ్చగా తిరగతాంది.
ఆ కండువానే ముక్కుకీ మూతికీ చుట్టుకొని
బకెట్టు ఎత్తుకొని పోయినాడు.